మేడగదికి లాగిన తీగ

ప్రియమైన కరెంటాయనకి,

మీ ఓడ చేరేసరికి ఈ ఉత్తరం రేవులో మీకోసం కూర్చుని ఉండాలని నా ఆశ. ఫోన్లో చెబుదామంటే మీ మాట సగం, సముద్రం సగం వినిపిస్తుంది.

మొన్న నా ఉద్యోగం ఊడినంత పనైంది. చెవులు వినపడని ఆ కాలేజీ అమ్మాయి కోసం లెక్చరర్లు చెప్పేదంతా ఇక్కడ మేడగదిలో వింటూ ఆమె తెర మీదికి టైపు చేస్తాను కదా, సరిగ్గా పాఠం మధ్యలో వైఫై పోయింది. నాలుగు నిమిషాలు. లెక్చరర్ ప్రశ్న అడిగి ఎదురుచూస్తుంటే, ఆ పిల్ల ఖాళీ తెర వంక చూస్తూ నిలబడిందట. ఇది రెండోసారి. మూడోసారి అయితే వేరేవాళ్ళని చూసుకుంటామని ఆఫీసు వాళ్ళు మర్యాదగానే చెప్పారు. మూడు నెలల్లో ఆమెకి ఆఖరి మౌఖిక పరీక్ష. మూడు గంటలు.

మనవి రాతిగోడలు. మేడ ఎక్కేసరికి సిగ్నల్‌కి ఆయాసం వస్తోంది. అందుకని ముందుగదిలోని మోడెం నుంచి మేడగది దాకా కేబుల్ లాగేద్దామనుకుంటున్నాను. టేపు పెట్టి కొలిచాను, ఇరవై మూడు మీటర్లు. అత్తయ్యతో అంటే కుట్టుమిషన్ ఆపకుండానే, "గోడకి కన్నాలు పెడితే చూడ్డానికి బాగుండదమ్మాయ్" అన్నారు. కోపమొచ్చిందో ఏమో తెలియదు.

మీ టకటక


నా టకటకకి,

నీ ఉత్తరం నిజంగానే నాకంటే ముందొచ్చి కూర్చుంది.

కేబుల్ ముప్ఫై మీటర్లు కొనిపెట్టుకో, చివర్లు ఎప్పుడూ చాలవు. కరెంటు వైర్లకి జానెడు దూరంగా పోనివ్వాలి. మలుపుల్లో మెల్లిగా తిప్పాలి గాని కాగితం మడిచినట్టు మడవకూడదు. మెట్ల గోడలో పాత టెలిఫోన్ పైపు ఖాళీగా ఉంది, అందులోంచి పోతే కన్నాలు రెండు చాలు.

ఇవన్నీ నీ తెలివిడి కోసం చెప్పాను. నువ్వు మాత్రం చెయ్యి పెట్టకు. రెండు చివరలా క్లిప్పుల్లో ఎనిమిది సన్నతీగలు ఒకే వరసలో కూర్చోవాలి. ఒక్కటి తారుమారైనా పని చెయ్యదు. కరెంటు పని అన్నం తిన్నంత తేలిగ్గా చేసే నేనే ఓడలో ఆర్నెల్లు తడబడ్డాను. నాలుగు నెలల్లో దిగుతాను, అప్పటిదాకా ఆగు.

అమ్మ సంగతంటావా, అలిగితే వారం రోజులు. అక్క దగ్గరికి వెళ్తానని సంచీ సర్దితే మాత్రం అది అసలు కోపం.

నావలోంచి నీ నేను


ప్రియమైన మీకు,

మీరు ఆగమన్నా ఆగలేదు, మీరు చెప్పిన పైపు దారికి రెండు కన్నాలూ పెట్టేశాను. తిట్టుకోకండి. మీరు దిగే నాటికి పరీక్ష అయిపోతుంది.

హాలు మొత్తం సవ్యంగా వెళ్ళింది. మెట్ల గోడ పైపులో మలుపు దగ్గర కేబుల్ మొండికేసింది. తోస్తే ముడుచుకుంటోంది, లాగితే మొత్తం వెనక్కి వచ్చేస్తోంది. అయిదు రోజులుగా అదే తంతు. అరచేతులు బొబ్బలెక్కాయి.

దీనికి తోడు అత్తయ్య. భోజనం కాగానే సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోతున్నారు, సాయంత్రానికి గాని రారు. ఎక్కడికని అడిగితే "పనుంది" అంటారు. వదినకి ఫోన్ చేశాను. అక్కడికీ రాలేదట. పైగా "నువ్వేమన్నావు మా అమ్మని?" అని నన్నే నిలదీసింది. ఏం చెయ్యను?

మీ
నేను


ప్రియమైన నీకు,

పని ఆపెయ్. కేబుల్ ఇవాళ కాకపోతే రేపు, అమ్మ మనసు విరిగితే అతకదు. ముందే దింపమని కెప్టెన్‌ని అడుగుతున్నాను. అమ్మ చెయ్యి పట్టుకుని, గోడ కన్నాలు పూడ్పిస్తానని చెప్పు.

కంగారుతో,
నేను


ప్రియమైన కరెంటాయనకి,

దిగనక్కర్లేదు. కెప్టెన్ కాళ్ళు వదిలేయండి.

మీ ఉత్తరం రాకముందే, ఓ మధ్యాహ్నం నేను మెట్ల మీద ఏడుపుమొహంతో కూర్చుని ఉంటే అత్తయ్య వచ్చి సంచీ బోర్లించారు. కేబుల్ ముక్కలు, క్లిప్పు నొక్కే పట్టకారు, చెడిపోయిన క్లిప్పులు గుప్పెడు. రోజూ కరెంటు సామాన్ల కొట్టులో స్టూలేసుకుని ఈ క్లిప్పులు నొక్కడం నేర్చుకుంటున్నారట.

"మరి చెప్పలేదేం అత్తయ్యా?"

"రాకపోతే నవ్వుతావని."

"కన్నాలే వద్దన్నారుగా?"

"వద్దన్నానా? బాగుండదన్నాను. చూడు, ఒకటి పైకుంది, ఒకటి కిందికుంది. సుద్దముక్కతో గీసుకోవద్దూ?"

నేను కేబుల్ కొసకి చుట్టిన టేపు ఉండని చూసి ఆవిడకి నవ్వాగలేదు. "ఇంత బొడిపె పెట్టి లంగాకి నాడా ఎక్కిస్తావా? ముందు దారం పోవాలి, దాని వెనక నాడా పోవాలి." దారం కొసకి దూదిపింజె కట్టి పైపులో పెట్టి, పైనుంచి దుమ్ము పీల్చే మిషన్ పెట్టమన్నారు. దూది సర్రున పైకొచ్చింది. దారంతో గట్టి తాడు, తాడుతో కేబుల్. కొసని సన్నగా చెక్కి, సబ్బు రాసి, కింద ఆవిడ వదులుతుంటే పైన నేను లాగాను. మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది. "లాగకు, ఊరించు" అన్నారు. ఊరించాను. వచ్చేసింది.

ఎనిమిది తీగల్నీ ఆవిడే రంగుల వరసలో పేర్చి నొక్కారు. టెస్టర్ పెడితే ఏడో లైటు వెలగలేదు. వెంటనే కొస కత్తిరించి మళ్ళీ నొక్కారు. ఎనిమిదీ వెలిగాయి. ఇద్దరం మెట్ల మీదే చతికిలబడి చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం.

పోయిన వారం పరీక్ష జరిగింది. మూడు గంటల్లో నెట్ ఒక్క రెప్పపాటు కూడా ఆగలేదు. అడిగినవాళ్ళు నోరు మూసేలోపు ప్రశ్న ఆమె తెర మీద ఉంది, వాళ్ళు ఊపిరి తీసుకునేలోపు ఆమె జవాబు మొదలైంది. తరగతిలో మొదటి స్థానం ఆమెదే. నన్ను ఇంకో రెండేళ్ళు ఉంచుకుంటామని ఆఫీసు వాళ్ళు ఇవాళ రాశారు.

ఆఫీసు వాళ్ళ ద్వారా మన కేబుల్ సంగతి విని ఆ కాలేజీ వాళ్ళు, విద్యార్థులుండే భవనంలో పదహారు గదులకి కేబుల్ లాగిపెడతారా అని అడిగారు. అత్తయ్య నన్ను అడగకుండానే ఒప్పేసుకున్నారు. దిగాక మిమ్మల్నీ పనిలో కలుపుకుందామా అంటే, "వాడి చేతి క్లిప్పు ముందు నేను చూడాలి" అంటున్నారు.

గెలిచిన ఇంటి నుంచి,
మీ టకటక