ఓబులమ్మకు ఉడుకు చేసింది

సెప్టెంబర్ 14, ఆదివారం

రెండ్రోజుల సెలవు తర్వాత డ్యూటీ. ఏడో బెడ్డులో తెలుగావిడ. ఓబులమ్మ. నలభై అయిదు దాటాయి, అన్నమయ్య జిల్లా. ఇక్కడే కువైట్‌లో, సబా అల్ సలేంలో ఇంటిపని. శుక్రవారం వంటింట్లో కళ్ళు తిరిగి పడిపోతే, ఆ ఇంటి యజమానురాలే — పనివాళ్ళు 'మామా' అంటారు — కార్లో తెచ్చి చేర్పించింది.

ఫైలు తీశాను. మాట వినదు. నీళ్ళు తాగదు. యూరిన్ శాంపిల్ ఇవ్వదు. ఒళ్ళు వేడి అంటుంది, జ్వరం కనబడదు. కింద డాక్టర్ చేతిరాత — ఆందోళన. సైకియాట్రీ వాళ్ళకి చూపించాలి.

రెండ్రోజుల్లో ఒక మనిషిని ఇన్ని "దు"ల్లో పెట్టేశారు.

"ఏమైందక్కా?" అన్నాను. తెలుగు వినగానే లేచి కూర్చుంది.

"ఉడుకు జేసిండాది సిస్టరమ్మా. రెణ్ణెల్లాయ. ఎవురికి జెప్పినా అర్థం కాల్యా."

డాక్టర్‌కి అరబ్బీలో "హార్, హార్" అని చెప్పిందట. వేడి, వేడి అని. ఆయన థర్మామీటర్ చూశాడు. ఖలాస్.

నేను మాత్రం ఏం చేశాను? వేడి చేస్తే మజ్జిగ తాగండి, తగ్గిపోద్ది అన్నాను. పదకొండేళ్ళ సర్వీసు, ఇదీ నా తెలివి.

గ్లాసుతో నీళ్ళిచ్చాను. తీసుకోబోయి ఆగింది. "మీరేమోళ్ళు పాపా?"

కులం అడుగుతోంది. దాచలేదు. మా పేట పేరు చెప్పాను. నర్సాపురం పక్క, చర్చి వెనకాల పేట. చాలు, ఎవరికైనా తెలిసిపోద్ది.

గ్లాసు బల్ల మీద పెట్టేసింది. నా డ్యూటీ అయ్యేదాకా నీళ్ళు అలాగే ఉన్నాయి.


సెప్టెంబర్ 15, సోమవారం

ఇవాళ ఏడో బెడ్డుకి నీళ్ళు నేనివ్వలేదు. క్లీనింగ్ అమ్మాయితో పంపాను. నా చేతి నీళ్ళు వద్దా — సరే. సముద్రం దాటొచ్చినా ఇదేనా… ఎండిపో.

అవును, అలాగే అనుకున్నాను. రాసుకోవాలి కదా. నర్సుని.

పదింటికి మామా వచ్చింది. యాభై ఉంటాయేమో. ఫ్లాస్కులో సూపు, చిన్న సీసాలో మక్కా నుంచి తెచ్చిన నీళ్ళు. ఎవరిదో కన్ను పడిందని ఆవిడ నమ్మకం. ఓబులమ్మ తల మీద చెయ్యి పెట్టి ఏదో చదివింది. ఓబులమ్మ కళ్ళు మూసుకుని బుద్ధిగా కూర్చుంది — దిష్టి తీస్తుంటే కూర్చున్నట్టే. సీసా మాత్రం మూత తియ్యలేదు. దిండు కింద పెట్టుకుంది.

పోతూ పోతూ మామా నన్ను తలుపు దగ్గర ఆపింది. ముఖం చిన్నబోయింది. "నేను ముస్లింననా తాగదు? ఇంట్లో కూడా తాగదు. తొమ్మిదేళ్ళు నా ఇంట్లో తిన్నది."

అక్కడే నిలబడిపోయాను.

నా నీళ్ళు నా పేట వల్ల తాగలేదు. ఆవిడ నీళ్ళు ఆవిడ మతం వల్ల తాగలేదు. క్లీనింగ్ అమ్మాయిచ్చిన నీళ్ళు? అవీ బల్ల మీదే ఉన్నాయి. ఇన్ని గ్లాసులు తాగలేదంటే… సంగతి మా ఎవరి గురించీ కాదు.

ఫస్టియర్లో సోషియాలజీ మేడమ్ అనేది — రోగి వద్దంటే ముందు మీ కోపం పక్కన పెట్టండి. ఎందుకని అడగండి. అడిగాక నోరు మూసుకోండి. మేం వెనక బెంచీలో నవ్వుకునేవాళ్ళం. ఇంజెక్షన్ చెయ్యడానికి కులాలూ కుటుంబాలూ ఎందుకని. పరీక్షకి ముందు రోజు బట్టీపట్టి గట్టెక్కిన పేపరు అది.


సెప్టెంబర్ 16, మంగళవారం

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కర్టెన్ వేశాను. అడిగాను. నోరు మూసుకున్నాను.

చాలాసేపు దుప్పటి అంచు మడతపెడుతూ ఉంది. తర్వాత గొంతు బాగా తగ్గించి —

"ఉడుకంటే ఒళ్ళు గాదు పాపా. ఒంటికి పోతే… నిప్పులు బోసినట్ల. నడుంలో పొడుస్తాది. బొట్లు బొట్లుగా వస్తాది."

"డాక్టర్‌కి చెప్పలేదా?"

"ఎట్ల జెప్పేది? హిందీలో మాట కలిపేకి వార్డుబాయిని పిలిచిరి. శాంపిలు సీసా ఇచ్చిందీ ఆయప్పే. మొగోనికి చెప్తానా?"

జ్వరం ఎందుకు కనబడలేదో కూడా తెలిసింది. వొణుకొచ్చినప్పుడల్లా మామా జ్వరం బిళ్ళ ఇచ్చేదట. ఓ పదిరోజుల మాత్రలు ఇక్కడికీ తెచ్చుకుంది; తలగడ కవర్లో దొరికాయి.

నీళ్ళ సంగతి అడిగాను.

"తాగితే పోవాల్సొస్తాది గదా."

పనివాళ్ళ బాత్రూం గరాజు పక్కన. తలుపుకి గొళ్ళెం ఊడిపోయి రెండేళ్ళు. అదే బాత్రూం డ్రైవర్‌కీ. ఆయన రాయచోటి మనిషి, అరవై దగ్గర పడ్డాయి. ఎదురుగా వచ్చేటప్పుడు దూరం నుంచే దగ్గుతాడట పాపం. "ఆయన దేవుడమ్మా. ఐనా తలుపు తలుపే గదా." అందుకని తెల్లారి ఒకసారి, అందరూ పనులు ముగించుకున్నాక ఒకసారి. మధ్యలో పధ్నాలుగు గంటలు. నీళ్ళు తాగకపోవడం అట్లా అలవాటైంది. బయట యాభై డిగ్రీలు. ఇప్పుడు మంటకి భయపడి ఇక్కడా తాగట్లేదు.

ఇదీ "మాట వినదు".

లేవబోతూ అడిగేశాను, ఆగలేక. "మరి నన్ను మీరేమోళ్ళని ఎందుకడిగావక్కా?"

"ఊరికే. మాయమ్మ కాన్నించీ నోటికొచ్చే మాట. తొమ్మిదేండ్లుగా అరబ్బోళ్ళింట్లో తింటాండా, నీ నీళ్ళకేమొచ్చె?"

"నువ్వు ఊరికే అడుగుతావు. మాకు ఊరికే తగలదు."

తల దించుకుంది. "నిజమే అమ్మీ. అడగకుండా ఉండాల్సింది" అంది. నేనూ చెప్పాను — నిన్న నీకు నీళ్ళివ్వకుండా తిరిగింది కోపంతోనే అని. ఇద్దరం గోడకేసి చూశాం.

వార్డు బాత్రూం గొళ్ళెం చూపించాను. లోపల వేసుకుంది, తీసింది, మళ్ళీ వేసుకుంది. నేను తలుపు బయట నిలబడ్డాను. శాంపిల్ ఇచ్చింది.


సెప్టెంబర్ 17, బుధవారం

రిపోర్టు వచ్చింది. ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పోయింది. ఇంజెక్షన్లు మొదలు.

డాక్టర్, "ముందే చెప్పొచ్చుగా ఆవిడ" అన్నాడు.

"చెప్పింది డాక్టర్. రెండ్రోజులు చెప్పింది. మనమే వినలేదు. నేనూ వినలేదు."

సైకియాట్రీ కాగితం ఆయనే కొట్టేశాడు. మంచివాడే. తొందర మనిషి.

మధ్యాహ్నం కేర్ ప్లాన్ రాయడానికి కూర్చున్నాను. రాసేముందు ఓబులమ్మని అడిగాను. భయపడిపోయింది. "రాస్తే డ్రైవర్ మింద పడ్తారు. ఆయన్ని ఇంటికి పంపిస్తారు. నాకేం వద్దు, నేను పోతా."

నిజమే. గొళ్ళెం లేని తలుపు, పక్కన మగమనిషి అని రాస్తే చదివేవాడు ఇంకోటి చదువుతాడు. వాక్యం చదివి వినిపించాను, తెలుగులో. మార్చమంది. మార్చాను. మూడుసార్లు. ఆఖరికి — "పనిచేసే ఇంట్లో బాత్రూం తలుపుకి గొళ్ళెం లేదు. ఎవరూ ఏ తప్పూ చెయ్యలేదు. గొళ్ళెం లేనందువల్ల పగలంతా నీళ్ళు తాగదు, మూత్రం ఆపుకుంటుంది. జబ్బు మళ్ళీ రాకుండా ఉండాలంటే మందులతో పాటు గొళ్ళెం అవసరం."

"ఇట్లయితే రాయి" అంది.

రాశాను. సంతకం పెట్టాను.

గంటలో ఇన్‌ఛార్జ్ లీలా సిస్టర్ పిలిచింది. కొట్టాయం ఆవిడ, ఇరవై రెండేళ్ళుగా ఇక్కడే. కోపంలో కూడా "మోళే" అంటుంది, అమ్మాయీ అని.

"మోళే, ఇది ఆసుపత్రి. వడ్రంగి దుకాణం కాదు. కొట్టేయ్."

"జబ్బు కారణం సిస్టర్ అది."

"కారణం బ్యాక్టీరియా. రిపోర్టులో ఉంది. ఒకరి ఇంటి సంగతి మనం రాయం. నీ కాంట్రాక్టు వచ్చే నెల. రెన్యూవల్ కాగితం మీద సంతకం ఎవరిది?"

"మీది."

"మరి?"

"కొట్టేయను."


సెప్టెంబర్ 18, గురువారం

మామాకి తనే చెప్తానంది ఓబులమ్మ. నన్ను మాట కలపమంది. "నీ మాట్లు ఎక్కువెయ్యొద్దు. నేను చెప్పిందే చెప్పు."

చెప్పాను. నాకొచ్చిన అరబ్బీలో. బాత్రూం, గొళ్ళెం, నీళ్ళు. డ్రైవర్ తప్పు లేదని రెండుసార్లు చెప్పించింది.

మామా ముఖం ఎర్రబడింది. "ఐబ్!" అంది — సిగ్గుచేటు. ఎవరికో తెలియలేదు. "తొమ్మిదేళ్ళు! ఎందుకు చెప్పలేదు నాకు? నేను రాక్షసినా?"

ఓబులమ్మ మంచం మీద నిటారుగా కూర్చుంది. చేతికి సూది, ప్లాస్టర్. "నువ్వు మంచిదానివే మామా. సూపు తెచ్చినావు. మందు బిళ్ళ ఇచ్చినావు. గరాజు పక్కకి ఏ పొద్దన్నా వచ్చినావా?"

ఈ చివరి మాట అరబ్బీలో చెప్పడానికి నా నోరు తిరగలేదు. ఓబులమ్మ నా వైపు చూసింది. చెప్పు.

చెప్పాను.

మామా బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. ఫ్లాస్కు మర్చిపోయింది.

ఓబులమ్మ నీళ్ళడిగింది. ఇచ్చాను. గ్లాసు ఖాళీ చేసి ఇంకో గ్లాసు అడిగింది.


సెప్టెంబర్ 19, శుక్రవారం

సెలవు. ఫింటాస్ చర్చిలో శుక్రవారం ప్రార్థనకి పోలేదు. నిద్రపోయాను. మామా రాలేదని వార్డు నుంచి ఫోన్.


సెప్టెంబర్ 21, ఆదివారం

ఫిర్యాదు వచ్చింది. మామా కాదు — ఆవిడ పెద్దకొడుకు. "మీ నర్సు మా ఇంటి గురించి రాసింది." ఫైలు ఆయన చేతికెలా వెళ్ళిందో ఎవరూ అడగట్లేదు. నేను రాసిందే అందరూ అడుగుతున్నారు.

లీలా సిస్టర్ ఎర్రపెన్ను నా ముందు పెట్టింది. ఒక్క గీత చాలంది. నీ కోసమే చెప్తున్నానంది. అబద్ధం కాదు, నా కోసమే చెప్తోంది.

"మాట వినదు అని రాసినప్పుడు ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు సిస్టర్. అది అబద్ధం. అది ఉంచుతారు, ఇది కొట్టేయమంటారు."

ఆవిడ పెన్ను వెనక్కి తీసుకోలేదు. నేనూ తియ్యలేదు.


సెప్టెంబర్ 22, సోమవారం

ఓబులమ్మ డిశ్చార్జ్. మంట పోయింది. నడుం నొప్పి పోయింది. ముఖానికి పట్టిన నీరు పోయింది, రంగు వచ్చింది.

తీసుకెళ్ళడానికి మామా వచ్చింది. నాతో మాట్లాడలేదు. ఓబులమ్మ చెప్పులు మాత్రం తనే వంగి మంచం కింద నుంచి లాగి ఇచ్చింది. ఏమనుకోవాలో తెలియలేదు.

ఓబులమ్మతో గుసగుసగా అన్నాను — "వెళ్ళడం ఇష్టం లేకపోతే చెప్పక్కా, వేరే దారి చూద్దాం."

నవ్వింది. "నీకు నా మింద జాలి ఎక్కువైంది అమ్మీ. పోతా. తలుపు బాగుచెయ్యకపోతే పన్లోకి దిగను, ఈ మాట మొన్న నన్ను సూసేకొచ్చిన డ్రైవర్‌తో నేనే జెప్పినా. ఆయన మామాకి జెప్పినాడంట. ఏమైతాదో సూస్తా."

నేనొక్కదాన్నే పోరాడుతున్నానని వారంరోజులుగా అనుకుంటున్నాను. డ్రైవర్ ఎప్పుడొచ్చాడో కూడా నాకు తెలియదు.


సెప్టెంబర్ 24, బుధవారం

నర్సింగ్ ఆఫీసు. ఇద్దరు అడిగారు, ఒకరు రాసుకున్నారు. నర్సు పని ఏమిటో తెలుసా అన్నారు.

"తెలుసండి. రోగి మళ్ళీ అదే జబ్బుతో రాకుండా చూడటం" అన్నాను.

సంజాయిషీ రాయమన్నారు. అక్కడే రాశాను. మొదటి రోజు మజ్జిగ తాగమన్నదీ, రెండో రోజు కోపంతో నీళ్ళివ్వనిదీ — రెండూ నా తప్పులని ఒప్పుకున్నాను. అడగలేదు వాళ్ళు. ఐనా రాశాను. మూడోది, గొళ్ళెం గురించి రాసింది, తప్పు కాదని రాశాను.

చదివి ముఖాలు చూసుకున్నారు. చెప్తామన్నారు. ఎప్పుడో చెప్పలేదు.


సెప్టెంబర్ 25, గురువారం

రెన్యూవల్ కాగితం లీలా సిస్టర్ బల్ల మీదే ఉంది. సంతకం లేదు. తిప్పి పంపిందీ లేదు.

ఓబులమ్మ నుంచి ఏ కబురూ లేదు. నంబరు నా దగ్గర ఉంది. చెయ్యలేదు. తనే సూస్తా అంది కదా.

పన్నెండింటికి నాలుగో బెడ్డుకి కొత్త పేషెంటు. శ్రీలంక నుంచి వచ్చిన ఆవిడ, మోకాళ్ళు వాచిపోయి. ఫైల్లో అప్పుడే ఎవరో రాసేశారు — సహకరించదు.

లీలా సిస్టర్ ఆ ఫైలు తెచ్చి నా ముందుకు చాపింది. చుట్టూ చూసింది. "వెళ్ళి కూర్చో ఆవిడ దగ్గర. సంగతేంటో అడుగు." నేను ఫైలు అందుకుంటుంటే, "రాయద్దు. వచ్చి నాకు చెప్పు" అంది.

"అడిగితే రాస్తాను సిస్టర్."

నా ముఖంలోకి చూసింది. ఇరవై రెండేళ్ళు. ఈవిడ కొట్టేసినవి ఎన్నో, అప్పుడు ఈవిడకి ఎవరు చెప్పారో కొట్టేయమని…

ఫైలు వదల్లేదు — ఒక చివర తను పట్టుకుంది, ఒక చివర నేను.