తాతయ్య ఇవ్వబోయిన పూస

ఫిబ్రవరి 11, బురితాకా నది ఒడ్డు, మూడో మజిలీ

అమ్మా, ఇద్దరం బాగానే ఉన్నాం. పొద్దున లేచేసరికి తాతయ్య మోకాలు బొప్పాయిలా వాచిపోయింది. కంగారుపడకు, మా దారి చూపే ఎలియేసర్ కంచరగాడిద మీద నది దాటించాడు. పైన పాత నగరం శిథిలాలకు వెళ్ళే మెట్లు మాత్రం అది ఎక్కదు.

అందుకని తాతయ్య ఈ కొండల్లోని కోగి తెగ పూజారి దగ్గరకు వెళ్ళాడు. వయసులో ఉండగా పైనున్న సమాధుల్లో తవ్వి తెచ్చి, చిన్నప్పుడు నీ మెడలో కట్టిన ఆ ఎర్రపూసను, తన బదులు పైన పెట్టమని ఆయన చేతిలో పెట్టబోయాడు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నాకెందుకు తమ్ముడూ? ఎక్కడ తీశావో అక్కడే పెట్టు."

"నా మోకాలు చూడండయ్యా. పన్నెండు వందల మెట్లు."

"తవ్వడానికి వెళ్ళిన రోజు లెక్కపెట్టావా?"

కోగిలకు బయటివాళ్ళందరూ తమ్ముళ్ళే కదా, ఆయన మాత్రం తాతయ్య కంటే ఇరవయ్యేళ్ళు చిన్న. అయినా తాతయ్య తల వంచి "లేదు అన్నా" అన్నాడు. ఆ గొంతును ఇంత చిన్న కార్డులో ఎలా రాయాలో నాకు తెలియడం లేదు. వెనక్కి వెళ్దామా అని అడిగితే, "ఈ ఏడు పెట్టకపోతే ఇంకెప్పుడూ పెట్టలేనే" అన్నాడు.

కార్డు తెచ్చిన మనిషితో నొప్పి తైలం రెండో మజిలీకి పంపు, దిగేటప్పుడు తీసుకుంటాం. కర్రపెండలం తవ్వించావా? నల్లకోడి పొదిగిందా? అమ్మమ్మకు నా ముద్దులు. మోకాలి సంగతి చెప్పకు.

రేపు ఐదింటికి బెల్లం నీళ్ళు తాగి బయల్దేరతాం. ముందు ఎలియేసర్, మధ్యలో తాతయ్య, వెనక నేను. పదేసి మెట్లకొకసారి కూర్చుంటూ ఎక్కుతాం.

నీ దాయిరిస్