సుజాత చేసిన డబ్బా

శనివారం, నంద్యాల

పాలిటెక్నిక్‌లో సీటొచ్చినా నా దగ్గర పదో తరగతి చదివిన సుజాత చేరలేదని తెలిసి ఇవాళ ఆళ్లగడ్డలో వాళ్ల ఇంటికి వెళ్లాను. వాళ్ల నాయన విగ్రహాలు చెక్కుతాడు. రాతిదుమ్ముకు ఆయన దగ్గుతుంటే చూడలేక, పాత కూలర్ ఫ్యానుతో దుమ్ము లాగేసే డబ్బా తయారుచేసింది ఈ పిల్ల. అప్పుడే క్లాసులో అందరి ముందూ "నువ్వు ఇంజనీరువే" అన్నాను.

ఆ డబ్బా ఇప్పుడు షెడ్డులో నడుస్తోంది.

"దగ్గు శానా తగ్గింది మేడం," అన్నాడాయన సంతోషంగా.

"మరి సుజాతను ఎందుకు పంపడం లేదు?"

"ఆడపిల్లకు మిషన్ల చదువు ఏంటికి మేడం? ఈ డబ్బా చెడిపోతే బాగుచేసేకి అది ఈడనే ఉండల్ల గదా."

టీ ఇస్తూ సుజాత నా ముఖం చూడలేదు. ఇంతలో ఫ్యాను చప్పుడు మారిందంటూ స్క్రూడ్రైవర్ తీసుకుని షెడ్డులోకి పరిగెత్తింది. నాకు తేడా ఏమీ వినబడలేదు.