పురుగు తిన్న బాదం ఆకు

ఎచ్చెర్ల, మంగళవారం

అమ్మకు కూర్మారావు దండాలు.

ఫొటోల పోటీలో నేను గొడవపడ్డానని త్రినాథ్ బావ నీకు చెప్పిన మాట నిజమే. కానీ నన్నెవరూ వెళ్లగొట్టలేదు, కంగారుపడకు. నువ్వు బాదం ఆకులను విస్తరాకుల్లా శుభ్రంగా కడిగి తుడిచి పంపావు, ధూళీ మచ్చా పోయి ఫొటోకి పనికిరాలేదు. అందుకని రోడ్డు పక్కన రాలిన ఎర్ర బాదం ఆకు ఒకటి ఏరి, పొద్దుటి ఎండకు అడ్డంగా పట్టుకుని బాగా దగ్గర నుంచి తీశాను. ఆకంతా రానివ్వలేదు. ఒక ఈనె, దాని పక్కన పురుగు తిన్న బెజ్జం, చుట్టూ ఎరుపు, అంతే.

పోటీ పెద్దాయన చూసి, "ఏటిది బాబూ, మంచి ఆకే దొరకనేదేటి నీకు?" అన్నారు. నాకు మండింది. "ఏడాదంతా ఎండ మోసి, పురుక్కి కూడా తిండెట్టినాదండి. ఇంతకన్నా మంచిదేటుంటాది?" అని అరిచాను. హాలంతా తిరిగి చూసింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. తరవాత తనే మేకు కొట్టి గోడ మధ్యన తగిలించారు!

నాన్న మోకాలు ఎలా ఉంది? చెల్లి యమున లెక్కలు చేస్తోందా? పెరట్లో ఆకులు కాల్చేయకు, ఆదివారం వచ్చి ఇంకా తీస్తాను.

ఫొటో శనివారం దాకా ఉంటుంది. నాన్ననూ తీసుకుని రా. పొలం చీరతోనే రా. గుమ్మంలో ఎవరైనా ఆపితే నువ్వు నోరెత్తకు, నన్ను పిలు.

పెద్దలందరికీ నమస్కారాలు.

నీ కొడుకు
కూర్మారావు