అమ్మ సమాధి మీద గడ్డి

ప్రియమైన చెల్లి సలోమికి,

ప్రభువు పేరట అక్క వందనాలు. నాన్న మోకాలి నొప్పి ఎలా ఉంది? నీ దగ్గు తగ్గిందా? అత్తావాళ్ళు బాగున్నారా? నేను బాగున్నాను. నిజంగానే బాగున్నాను, నాన్నకు అలాగే చెప్పు.

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నదేమిటని అనుకుంటావు. ఫోన్లో అయితే నువ్వు స్పీకర్ పెడతావు, పక్కన నాన్న ఉంటాడు, నాకు మాట రాదు. నాన్న వినవలసింది కిందెక్కడో ఉంది. అక్కడ చెబుతాను. మిగతాది నీకే.

ఈ కేరళ కొండ మీద వాన మొదలైతే ఆగదు. ఉతికిన బట్టలు ఆరవు. బడి లైబ్రరీలో పుస్తకాల అట్టలకు బూజు పడుతోంది. పొద్దున వెళ్ళగానే వాటిని పొడిగుడ్డతో తుడవడమే నా మొదటి పని. పిల్లలు మంచివాళ్ళు, నా మలయాళం విని చాటుగానే నవ్వుతారు. లావు బియ్యం అన్నం, కొబ్బరినూనె కూరలు అలవాటయ్యాయి. కారం మాత్రం కారంలా ఉండదు. ఎవరైనా ఇటు వస్తుంటే పండుమిరప పచ్చడి పంపు. సీసాలో వద్దు, పగులుతుంది.

సాయంత్రాలు కష్టంగా ఉంటాయి. హాస్టల్లో నా గది కిటికీకి ఎదురుగా ఒక సిమెంటు గోడ ఉంది. ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్ళు పోయకుండా ఆ గోడకు మొక్కలు మొలిచాయి. గోడకు, సలోమీ! మనింటి ముందు వేపమొక్కకు నాన్న రెండు వేసవులు బిందెలు మోసినా అది నిలవలేదు. ఆ గోడను చూసినప్పుడల్లా నాకు కడుపుమంట. ఆదివారం గుళ్ళో గురువుగారు ప్రభువు తెచ్చే కొత్త ఆకాశం, కొత్త భూమి గురించి చెబుతుంటే వీళ్ళు ఆవలిస్తారు. పాత భూమే ఇంత పచ్చగా ఉన్నవాళ్ళకు కొత్తది ఎందుకు? ఆ వాగ్దానం మన బొల్లాపల్లి రాళ్ళనేల మీద పుట్టినవాళ్ళది, వీళ్ళది కాదు అనిపిస్తుంది. ఇలా అనుకోవడం తప్పని తెలుసు. అయినా అనిపిస్తుంది.

కానీ ఈ గోడ మీద కుళ్ళు ఎంత, నీ మీద కుళ్ళుతో పోలిస్తే.

ఈస్టరు తెల్లవారుజామున నాకు వినిపించాలని నువ్వు ఫోన్ పట్టుకుని సమాధుల తోటకు వెళ్ళావు. ముందురోజు ఊరంతా పారలతో గడ్డి చెక్కి, ఎర్రమట్టి ఊడ్చి, సమాధులకు సున్నం కొట్టారు. అమ్మ సమాధిని మాత్రం నువ్వు చెక్కనివ్వలేదు. ఆ వెంపలి మొక్కలు, గరిక అలాగే ఉంచావు. రత్తమ్మ పెద్దమ్మ గొంతు నాకు ఇంకా వినిపిస్తోంది.

"ఏందే సలోమీ, తల్లి సమాధి మీద గడ్డి లేస్తుంటే కళ్ళు కనపడట్లా? మీ ఇంట్లో పార లేదా?"

"కనపడతా ఉంది పెద్దమ్మా. నీళ్ళు పోసేది నేనే."

"నీళ్ళు కూడానా! ఇంకేం, మా గేదెని తోలుకొస్తా, చానా పుణ్యం."

అందరూ నవ్వారు. నేనైతే ఆ నవ్వుకే ఇంటికి పరిగెత్తేదాన్ని. నువ్వు కదల్లేదు.

"ప్రభువు వచ్చిననాడు మా అమ్మ ఒక్కతే లేస్తదా పెద్దమ్మా? ఈ నేల కూడా లేస్తది. అది కూడా ఆయన కోసమే మూలుగుతా ఎదురుచూస్తా ఉంది. లేవాల్సినదాన్ని పారతో చెక్కమంటావా?"

నవ్వు ఆగిపోయింది. తర్వాత పాస్టరుగారు ప్రసంగంలో "మన సలోమికి ఈ తెల్లవారుజామున దేవుడిచ్చిన మాట" అన్నారు.

ఆ మాట నీకు ఇచ్చింది నేను. చదువుకునే రోజుల్లో హాస్టల్ నుంచి సెలవులకు వచ్చినప్పుడు మిద్దె మీద పడుకుని బైబిల్లో ఆ వాక్యం నీకు విడమరిచి చెప్పింది నేను. మనుషులకే కాదు, మట్టికీ చెట్టుకూ పిట్టకూ విడుదల ఉందని చెబితే నువ్వు సగంలో నిద్రపోయావు. చిన్నప్పటినుంచీ గుళ్ళో లేచి నిలబడి చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నా, నేను లేవలేకపోయాను. నువ్వు చెప్పేశావు. మా అక్క చెప్పిందని ఒక్క మాట అనలేదు. నేను ఫోన్లో నీ గుప్పిట్లోనే ఉన్నాను, అంతా వింటూ.

ఆ తర్వాత నాన్న ఫోన్ చేశాడు. "రూతమ్మా, నీ చెల్లెలు వినట్లేదే. మంచి బండలు ఏరిపెట్టా. ఊళ్ళో అందరి ఇళ్ళల్లో బండలు పరిచినోణ్ణి, మీ అమ్మకి పరవకపోతే ఎట్టా? చదువుకున్నదానివి, నువ్వు సరే అను చాలు, దాని నోరు మూయిస్తా."

సరే అంటే చాలు. నీ గడ్డి పోతుంది. ఆ మాట నా నాలుక చివరే ఉండింది. ఆలోచించి చెబుతానన్నాను. ఆలోచించింది ఏమీ లేదు. నీ గడ్డి మీద బండ పడటాన్ని ఊహించుకుంటూ కూర్చున్నాను.

పోయిన వారం వాన తెరిపిచ్చినప్పుడు ఇక్కడి గుడి కాపలాదారు సమాధుల మధ్య, ప్రహరీ వెంట గడ్డిమందు కొట్టాడు. వాసన నాకు తెలుసు, మన మిర్చి చేలల్లో కొట్టేదే. రెండు రోజుల్లో పచ్చదనమంతా పసుపుపచ్చగా మారి పడిపోయింది. నా కిటికీ ఎదుటి గోడ ఆ ప్రహరీయే, దాని మీది మొక్కలు కూడా. నాకు సంతోషం కలగాలి కదా? కలగలేదు. ఎవరో చనిపోయిన ఇంటి ముందు నిలబడినట్టు ఉంది. సరే అని ఉంటే అమ్మ మీద నేను చేసేది అదే.

ఇక్కడినుంచి నాన్నకు చదివి వినిపించు.

నాన్నా, వందనాలు. అమ్మ మీద బండ పరవద్దు. నీ పనితనం తెలియక కాదు. ప్రభువు ఈ భూమిని పారేసి వేరేది తెస్తాడని నేను అనుకోను. మంచి మేస్త్రి పాత ఇంటిని పడగొట్టకుండా బాగుచేసినట్టు, దీన్నే బాగుచేస్తాడు. అమ్మ ఆ మట్టిలోనే ఆయన కోసం ఎదురుచూస్తోంది. ఆ మట్టికి గాలి ఆడనివ్వు. ఏరిన బండలతో చుట్టూ అంచు కట్టు. పక్కన ఒకటి వెయ్యి, నీళ్ళు పోసి వచ్చినవాళ్ళు కూర్చుంటారు. అడిగినవాళ్ళకు ఇది సలోమి మాట అని చెప్పు. నా పేరు అక్కర్లేదు.

ఇక్కడితో ఆపు.

ఆ చివరి మాట రాయడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. ఇప్పటికీ మనసులో మంట తగ్గలేదు. నీకు అమ్మ పక్కనే ఉండే వీలుంది, నాకు లేదు. నా కోసం ప్రార్థన చెయ్యి.

పాస్టరుగారికి, పాస్టరమ్మగారికి, అత్తకు నా వందనాలు. రత్తమ్మ పెద్దమ్మకు కూడా. నాన్న నా తల మీద చెయ్యి పెట్టినట్టే అనుకుంటున్నానని చెప్పు.

ఇంకొక్కటి, ఇది అక్కగా అడుగుతున్నాను. అమ్మ పాదాల దగ్గర మూరెడు చోటు నాకు వదిలిపెట్టు. అక్కడ నువ్వు ఏమీ నాటొద్దు, నీళ్ళు కూడా పోయొద్దు. దానంతటది ఏదైనా మొలిస్తే మాత్రం పీకకు. అది నీదీ కాదు, నాదీ కాదు.

ప్రేమతో, కొంచెం కుళ్ళుతో,
నీ అక్క
రూతు