ముల్లు సున్నాకి వచ్చిన రోజు

గుడివాడ, మంగళవారం

ఈరోజు సెకండియర్ బీయస్సీకి నోట్సు చెప్పలేదు. తీగచుట్టలోకి అయస్కాంతం దూర్చి అక్కడే ఆపితే దానికి కలిపిన, కరెంటు చూపే గాల్వనోమీటర్ ముల్లు ఏమవుతుందో ముందే చెప్పమన్నాను. అందరూ పక్కకే ఒరిగి ఉంటుందన్నారు. హంసలదీవి అమ్మాయి రత్నం ఒక్కతే లేచి, "సున్నాకొచ్చేసిద్దండి. కదిలినప్పుడే కదండీ కరెంటు!" అంది. ఏడాదిన్నరగా క్లాసులో ఆమె గొంతు విన్నది ఇవాళే.

చేసి చూపిస్తే ముల్లు సున్నాకే వచ్చింది.

క్లాసయ్యాక ప్రిన్సిపాల్ గారు పిలిచి, "పిల్లలు నోట్సు అడుగుతున్నారండి. సిలబస్ ఎప్పటికయ్యిద్ది మాస్టారూ?" అన్నారు. నిజమే, ఇలాంటి ప్రశ్నలు పరీక్షలో రావు. రేపటి నుంచి నోట్సే చెప్తానన్నాను.

బయటికి రాగానే రత్నం ఎదురొచ్చి, "రేపేం అడుగుతారండి? హాస్టల్లో ఆలోచించుకుంటాను" అంది. ఒక ప్రశ్న చెప్పాను.

ఇద్దరిలో ఎవరికిచ్చిన మాట తప్పాలో ఇంకా తేలలేదు.