రెండు డబ్బాలూ నావే

ఆటోనగర్, విజయవాడ,
20-10-2008.

కీళ్ళవాతం పరిశోధన కేంద్రం సంచాలకులు గారి సముఖమునకు,

లారీ సీట్లకు రెక్సిన్ కుట్టు పనివాడు షేక్ కరిముల్లా, వయస్సు 51, వ్రాసుకొను అర్జీ.

విషయం: ల్యాబ్ అసిస్టెంట్ కుమారి ఆస్రా గారికి ఇచ్చిన మెమో రద్దు చేయుట, నా తప్పు నమోదు చేసుకొనుట గురించి.

అయ్యా,

1. మా అక్క ఖాసింబీ వేళ్ళు వంకరపోయే కీళ్ళవాతంతో పద్నాలుగేళ్ళు బాధపడినది. ఇంట్లో మేమిద్దరమే. ఒక పొయ్యి మీద వండుకొని తినేవారము. జబ్బు మనిషిని, జబ్బు లేని తోబుట్టువును జోడీగా చూచు తమ పరిశోధనలో 2006లో మమ్ములను చేర్చుకొన్నారు. మూడు నెలలకొకసారి ఆస్రా గారు వచ్చి, మల పరీక్షకు పేర్లు రాసిన రెండు డబ్బాలు ఇచ్చి, మరునాటి ఉదయం తీసుకొని వెళ్ళేవారు.

2. మొదట నేను కోపగించితిని. "జబ్బు వేళ్ళల్లో ఉంటే కడుపులోదెందుకమ్మా?" అన్నాను. ఆమె విసుక్కోలేదు. "కడుపులో కోట్ల సూక్ష్మజీవులుంటాయి చాచా. వాటి తీరు మారితే, ఒంటిని కాపాడే శక్తి మన కీళ్ళ మీదే తిరగబడుతుందేమోనని డాక్టర్లకు అనుమానం. ఇంకా తేలలేదు. మీలాంటివాళ్ళు ఇస్తేనే తేలేది" అన్నది. నా రక్తంలో కూడా ఆ జబ్బు గుర్తు కనిపించిందని, జాగ్రత్తగా ఉండమని చెప్పినది.

3. 2007 నవంబరు 19న మా అక్క జ్వరం వచ్చి చనిపోయినది. జోడీలో ఒకరు లేనిచో రెండవవారి పేరు కూడా తీసివేతురని ఫారంలో ఉన్నది. డిసెంబరులో ఆస్రా గారు వచ్చి "ఖాలా ఏరి చాచా?" అని అడిగితే, "హనుమాన్ జంక్షన్‌లో చుట్టాలింటికి వెళ్ళింది, డబ్బా నేను బస్సులో వెళ్ళి తెస్తాలే" అని నా నోట వచ్చేసినది. నేను ఏ బస్సూ ఎక్కలేదు. రెండు డబ్బాలూ నావే. ఈ విధముగా నాలుగుసార్లు చేసితిని.

4. ఎందుకు చేశావని తమరు అడుగుదురు. ఆ ఫారంలో ముప్పై ప్రశ్నలు ఉండును. పొద్దున ఏమి తిన్నారు, పెరుగు వేసుకొన్నారా, నిద్ర పట్టినదా. షాపులో రోజంతా "కరిముల్లా, సీటు అయిందా?" అనే మాట తప్ప నన్ను ఎవరూ ఏమీ అడగరు. ఆమె వచ్చే రోజున ఇల్లు ఊడ్చి, కూర వండేవాడిని. మిగతా రోజులు బన్నూ టీయే. అన్నం, పప్పు, గోంగూర అని రాయించినవి అబద్ధములు.

5. ఆ నాలుగు విడతల డబ్బాలు పరీక్షించగా రెండింటిలోనూ సూక్ష్మజీవుల తీరు అచ్చంగా ఒకటేనని తేలి, ఒకరి నమూనానే ఇద్దరి పేర్లతోనూ పంపినదని తమరు ఆస్రా గారికి మెమో ఇచ్చినారు. మొన్న శుక్రవారం ఆమె మా గుమ్మంలోనే నిలబడి, "చాచా, నేనే పొరపాటు చేశానా? ఎంత గుర్తు చేసుకున్నా తెలియట్లేదు. ఉద్యోగం పోయేలా ఉంది" అని కళ్ళు తుడుచుకొన్నది. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను. తాగి వెళ్ళిపోయినది.

6. ఆగస్టు నుండి పొద్దున లేవగానే గంటసేపు నా వేళ్ళు ముడుచుకోవడం లేదు. చేతిలో సూది నిలవడం లేదు. ఇదీ చెప్పలేదు. జబ్బు లేనివాడిగా కదా నన్ను చేర్చుకొన్నది.

కావున మెమో రద్దు చేసి, 2007 డిసెంబరు నుండి మా ఇంటి వివరములన్నీ కొట్టివేయవలసినది. నా పేరు తీసివేసినా ఆక్షేపణ లేదు. వీలైతే జబ్బు మనుషుల వరుసలో ఒకసారి చూడగలరు. తప్పు నా ఒక్కడిదేనని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
షేక్ కరిముల్లా

తా.క.: "రోగి పరిస్థితి" అన్నచోట రాసినవి కూడా కొట్టెయ్యండి సార్. మార్చిలో అక్క గ్లాసు తనే పట్టుకుంటోందని చెప్పాను. జూన్‌లో తన జడ తనే వేసుకుందన్నాను. సెప్టెంబరులో రొట్టెలు చేసిందన్నాను. ఆస్రా రాయడం ఆపి, "వింటుంటే ఎంత బాగుందో చాచా" అంది. చెబుతుంటే నాకూ బాగానే ఉండింది సార్.